కొమ్ముల సంచి, ధర్మం సంచి

నిజామాబాద్ బస్టాండు ఎదురు సందులో కింద గాజుల దుకాణం, పైన ఆత్మారాం సార్ కంప్యూటర్ సెంటర్. మెట్లెక్కాలంటే చెప్పులు కిందే విడవాలి. గుళ్లోకైనా కొందరు చెప్పులు సంచిలో దాచుకుని పోతారు గాని, సార్ దగ్గర ఆ ఆటలు సాగవు. దుమ్ము పడితే కంప్యూటర్లకు వైరస్ వస్తుందని సార్ నమ్మకం. పెద్దమనిషి నమ్మకాన్ని కాదనడమెందుకు?

మెట్ల పక్కన నిలువెత్తు బోర్డు. పైన ఆత్మారాం సార్ పేరు, పేరు వెనక గూడ్సు బండి డబ్బాల్లా ఇంగ్లీషు అక్షరాలు. అవి ఏ ఊళ్లో ఎక్కాయో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కింద మాత్రం బోలెడంత చోటు ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ చోటు మీదే గోదావరి ప్రాణమంతా.

గోదావరి వాళ్లది బీడీలు చుట్టే ఇల్లు. నాయనమ్మ వెంకటవ్వ చుట్టిన బీడీల మీదే పిల్ల డిగ్రీ దాకా వచ్చింది. సార్ దగ్గర కోర్సు చేసి, అందరికంటే ముందు నేర్చుకుని, అక్కడే ఉండిపోయింది. ఏం ఉద్యోగమమ్మా అంటే, పొద్దున కీబోర్డుల మీది గుడ్డలు తీయడం, సాయంత్రం మళ్లీ కప్పడం. మధ్యలో ఏ పిల్లవాడైనా సార్‌కు రాని ప్రశ్న అడిగితే, "సార్ బిజీగ ఉన్నరు" అని చెప్పి జవాబు తనే చెప్పడం. సార్ రోజంతా బిజీగానే ఉండేవాడు. ఇంత చేసినా పిల్లలు ఆమెను "అక్కా" అనేవాళ్లు. "మేడం" అనాలంటే బోర్డు మీద పేరుండాలి. అది సార్ పెట్టిన చట్టం.

రెండువేల ఐదో సంవత్సరం, పసుపు సీజను ముందు, సార్ ఆమెకొక మాట ఇచ్చాడు. గంజ్‌లో అంటే మార్కెట్ యార్డులో రాజేశ్వర్ సేటుకు పసుపు అడ్తి ఉంది. రైతులు తెచ్చిన మాలు వేలంలో వ్యాపారులకు అమ్మిపెట్టే దుకాణం అన్నమాట. సేటు కొత్తగా కంప్యూటర్ కొన్నాడు. పక్క దుకాణం సేటు కొన్నాడు గనక ఈయనా కొన్నాడు, అంతకు మించి కారణమేమీ లేదు. కొన్నాక దానికేదో పని చెప్పాలి కదా. ఏ రైతు ఏ రకం తెచ్చాడో, ఏ సంచి ఎంత తూగిందో చూపించే ప్రోగ్రాం రాసిపెట్టమని ఆత్మారాం సార్‌ను అడిగాడు.

"సేటు గద్దెకాడ ప్రోగ్రాం నడిస్తే, సాయంత్రం జావా బ్యాచు నీదే గోదావరీ. బోర్డు మీద నీ పేరు రాయిస్త" అన్నాడు సార్.

ఆ పూట గోదావరికి సంతోషంతో ముద్ద దిగలేదు. పాపం, ఆ పిల్లకు తెలియనిదేమంటే, అదే మాట సార్ పొద్దున్నే రామ్‌దాసుకు కూడా ఇచ్చాడు. రామ్‌దాసు ఎవరో కాదు, సార్ భార్య తమ్ముడి కొడుకు. సార్ చెయ్యి అంత పెద్దది మరి. ఉన్నది ఒక్క బ్యాచే అయినా ఇద్దరికీ నిండుగా పంచాడు.

సార్ పాఠాలన్నిట్లో గొప్పది వారసత్వం పాఠం. తండ్రి గుణం కొడుక్కి వచ్చినట్టు, ప్రోగ్రాంలో కూడా పై రకం గుణాలు కింది రకానికి వస్తాయని చెప్పేవాడు. పసుపు తండ్రి. పొడుగ్గా వేళ్లలా ఉండే కొమ్ము ఒక కొడుకు, గుండ్రంగా ఉండే గోళ ఇంకో కొడుకు. ఈ జిల్లాలో పసుపు తెలియనివాడు లేడు గనక పాఠం అందరికీ ఎక్కేది.

"కొమ్ము పసుపా, కాదా?"

"పసుపే సార్!"

"గోళ?"

"పసుపే సార్!"

"మరి కొమ్ముల సంచి?"

"పసుపు సంచే సార్!"

"శాబాష్! గింతే జావా. ఇంకేం లేదు."

ఇంకేం లేదని సార్ అన్నప్పుడల్లా ఇంకేదో ఉందని గోదావరికి అనుమానం వచ్చేది. అట్లాగని సార్ అబద్ధమూ చెప్పలేదు. ఆ భాష పుట్టిననాటి నుంచీ అదే ఒప్పుకుంటూ వచ్చింది. ఒకే రకం వస్తువులను వరసగా పెట్టుకునే గూళ్లను వాళ్ల భాషలో అర్రే అంటారు. కొమ్ముల అర్రేను తీసుకొచ్చి, ఇదిగో ఇది పసుపు అర్రే అంటే, మిషను కొత్తల్లుడిలా తలూపుతుంది. తలూపి తరువాత ఏం చేస్తుందన్నది తరువాతి సంగతి. అల్లుళ్ల సంగతీ అంతే కదా.

ఇక అసలు ముడి ఇక్కడ పడింది. గంజ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి రైతు రాశిలోంచి ఒక గుప్పెడు పసుపు దేవుడి పేరున తీస్తారు. దాన్ని ధర్మం అంటారు. సేటు ఫోనులో సార్‌కు అదే చెప్పాడు. "సార్, ఒక్కొక్కని మాల్లకెల్లి ధర్మం గుప్పెడు తీసి సంచిల వేసుడు మర్చిపోకుండ్రి" అన్నాడు. ఏ సంచిలో అన్నది సేటు చెప్పలేదు, గంజ్‌లో పిట్టకు కూడా తెలిసిన సంగతి చెప్పేదేముంది? సార్ అడగలేదు, అడిగితే సార్ ఎట్లా అవుతాడు?

"ఏ సంచి విప్పి ఉంటే గండ్ల వెయ్యుండ్రి. సంచంటే సంచే" అని ఇద్దరికీ తేల్చి చెప్పాడు.

రామ్‌దాసు చకచకా రాసేశాడు. పసుపు అర్రే ఏదిచ్చినా అందులో గుప్పెడు వేసే ముక్క ఒకటి రాసి, పొద్దున మొదట విప్పిన కొమ్ముల సంచిని దాని చేతికిచ్చాడు. మిషను తలూపింది. ఒక్క తప్పు చూపలేదు. రామ్‌దాసు తల దువ్వుకుని సినిమాకు పోయాడు.

గోదావరి అప్పటికే హైదరాబాద్ నుంచి ఎవరో తెచ్చిన సీడీలో జావా కొత్త ఎడిషను ఎక్కించుకుని ఉంది. అందులో అర్రేలు ఎప్పటిలాగే ఉన్నాయి గాని, లిస్టులకు కొత్త పద్ధతి వచ్చింది. లిస్టు మీద ముందే ఒక చీటీ అంటించొచ్చు. ఇది కొమ్ముల లిస్టు, ఇందులో కొమ్ములే ఉంటాయి అని. దాన్నే జెనరిక్స్ అంటారు. గోదావరి ముచ్చటపడి, సంచులన్నిటికీ చీటీలంటించి, సార్ చెప్పినట్టే రాసింది. గుప్పెడు వేసే ముక్కకు "పసుపు లిస్టు ఇయ్యి" అని చెప్పి, విప్పి ఉన్న కొమ్ముల లిస్టును ఇచ్చింది. ఇచ్చీ ఇవ్వగానే ఆ వరస కింద ఎర్ర గీత! కొమ్ముల లిస్టు పసుపు లిస్టు కాదు పొమ్మంటుంది మిషను.

అదేం చోద్యం? కొమ్ము పసుపు కాకపోతే మరేంటి, సొరకాయా? గోదావరి చెరిపి మళ్లీ రాసింది. మళ్లీ గీత. మిషనుకే ఏదో అయిందని మూసి తెరిచింది. గీత చెక్కుచెదరలేదు. అప్పుడే సార్ వెనక నుంచి వచ్చాడు, ఎర్రగీత చూసి పాము మీద కాలేసినట్టు ఆగిపోయాడు.

"ఏందిది?"

"అర్థమయితలేదు సార్. సంచి ఇస్తే తీసుకుంటలేదు."

"ఎట్ల తీసుకుంటది? గా చీటీలు ఎవ్వరు అంటించుమన్నరు నిన్ను? పదేండ్ల సంది చీటీలు లేకుంటనే నడిచింది జావా. పీకెయ్."

"పీకేస్తే గీత పోతది సార్. కని గిది ఎందుకు వద్దంటున్నదో తెల్వాలె గద?"

"తప్పు నీది పెట్టుకోని మిషన్‌ను అడుగుతవా?" సార్ రామ్‌దాసు కంప్యూటర్ వైపు చూపుడువేలు చాపాడు. "గటు చూడు. ఒక్క గీత ఉన్నదా? అద్దం లెక్క ఉన్నది. శుక్రవారం దాక టైమిస్తున్న. గీత కనవడొద్దు."

అప్పుడే సినిమా నుంచి వచ్చిన రామ్‌దాసు నవ్వు దాచుకోవాలని కూడా అనుకోలేదు. "గోదావరీ, ఎర్రపెన్ను కొనుక్కున్నవా ఏంది?" అన్నాడు.

ఆ సాయంత్రం గోదావరి ఇంటికొచ్చి గడపలో కూర్చుంది. చీటీలు పీకేయడం ఎంతసేపు పని? పీకేస్తే సార్‌కు సంతోషం, తనకు బోర్డు మీద చోటు. అందరూ అద్దంలా ఉంచుతుంటే తనొక్కతెకు ఈ రోగం ఎందుకు?

వెంకటవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, చుట్టిన బీడీలను కట్టలు కట్టబోయే ముందు ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కి చూస్తోంది. వదులుగా ఉన్నదాన్ని పుటుక్కున విరిచి పక్కన పడేస్తోంది.

"ఎందుకవ్వా ఇరగ్గొడుతవు? కట్టల నడుమ పెడితే కనవడుతదా?"

"కనవడదు బిడ్డా. కార్ఖానకు పోయినంక కనవడుతది. గాడ ఛాట్ తీసెటోడు, బాగలేనియి ఏరెటోడు, కట్ట ఇప్పి, అందరి ముంగట నా మొకం మీదనే ఇరగ్గొడుతడు. పెంటవ్వ సూస్తది, విమలమ్మ సూస్తది. వాడకట్టంత సూస్తది. గా ఇజ్జత్ తక్కువ ఎందుకు, నా ఇంట్ల నేనే ఇరగ్గొట్టుకుంట." అవ్వ ఇంకోటి విరిచింది. "నీ మొకమేంది, ఛాట్ పడ్డ కట్ట లెక్క ఉన్నది?"

"మా మిషిను ఎర్రగ గీతలు గీస్తున్నదవ్వా."

"అయితే నాకెందుకు చెప్తున్నవే? నేను గీకిన్నా? ఎవ్వల మాల్ మీద గీస్తున్నదో గాడికి పోయి సూస్కో. పో, బియ్యం కడుగు."

అవ్వకు జావా తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. గోదావరి బియ్యం కడిగింది. కాని ఎవరి మాలు అన్న మాట నెత్తిలో ఉండిపోయింది. నిజమే, ప్రోగ్రాం రాసింది గాని, తను గాని రామ్‌దాసు గాని సార్ గాని గంజ్‌లోకి పోయి ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. ముగ్గురూ పసుపు మీద పండితులే.

మరునాడు గంజ్‌కు పోయింది. నేలంతా పసుపు, గాలంతా పసుపు, మనుషులందరూ పెళ్లికొడుకుల్లా పచ్చగా ఉన్నారు. ఒకవైపు కొమ్ము రాశులు, ఇంకోవైపు గోళ రాశులు. వ్యాపారి మనిషి ఇనుప గొట్టం సంచిలోకి గుచ్చి, నమూనా లాగి, అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు. ఏ సంచిలోనైనా గుచ్చుతున్నాడు, ఎవరూ ఏమీ అనడం లేదు. కాని కొమ్ములు నింపుతున్న చోట ఒక్క గోళ దొర్లుకుంటూ వచ్చి సంచిలో పడితే, నింపే మనిషి గబుక్కున వంగి దాన్ని బయటికి తీసి పారేశాడు.

రాజేశ్వర్ సేటు గద్దె మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గోదావరి దగ్గరికి పోయింది.

"నమస్తే సేట్. నేను ఆత్మారాం సార్ సెంటర్ల చేస్త. ఒక మాట అడగాలె. ధర్మం గుప్పెడు ఏ సంచిల వేస్తరు?"

సేటు చాయ్ గుక్క మధ్యలో ఆగాడు. "గిది కూడ అడుగుతరా బిడ్డా? దేవునిది దేవుని సంచిలనే!" అని గద్దె పక్కన మేకుకు వేలాడుతున్న సంచిని చూపించాడు. దాని మెడకు ఎర్రగుడ్డ చుట్టి ఉంది. లోపల కొమ్ము, గోళ, పొడి పొడి చూర, అన్నీ కలిసిమెలిసి ఉన్నాయి. "గండ్ల ఏదన్న వెయ్యి, నడుస్తది. దేవుడు రకాలు చూడడు. కొనే గిరాకీ చూస్తడు. రైతు కొమ్ముల సంచిల గోళ ఒక్కటి దొరికితే సంచి సంచే వాపస్ పంపుతడు."

గోదావరికి కళ్ల ముందు తెర తీసినట్టయింది. కొమ్ము పసుపే, సందేహం లేదు. కాని కొమ్ముల సంచి వేరు, ధర్మం సంచి వేరు. ఒకదాంట్లో కొమ్మే పడాలి, ఇంకోదాంట్లో ఏ పసుపైనా పడొచ్చు. ఏదైనా వేస్తానన్న చేతికి కొమ్ముల సంచి ఎట్లా ఇస్తారు? మిషను నిన్నటి నుంచీ అడుగుతున్నది ఇదే. పాపం, ఎర్రగీత తప్ప దానికి వేరే నోరు లేదు.

సెంటర్‌కు వచ్చి ధర్మానికి వేరే లిస్టు పెట్టింది. దాని మీద పసుపు అని చీటీ రాసింది. గుప్పెడు వేసే ముక్క చేతికి దాన్నే ఇచ్చింది. ఎర్రగీత మంత్రమేసినట్టు మాయమైంది. ఒక్క చీటీ కూడా పీకలేదు. శుక్రవారం గడువైతే, గురువారమే సార్ ముందు నిలబడింది.

"సార్, గీత పోయింది. అసలు తప్పు ఎక్కడున్నదో దొరికింది. ధర్మం సంచి వేరే..."

సార్ టేబుల్ మీద అప్పుడే వచ్చిన కార్డుల కట్ట ఉంది. పసుపు రంగు కార్డులు, మూలలకు కుంకుమ. సేటు దుకాణంలో కంప్యూటర్ ప్రారంభోత్సవం, ప్రోగ్రాం రచన చిరంజీవి రామ్‌దాస్, పర్యవేక్షణ ఆత్మారాం సార్. ఈసారి అక్షరాల డబ్బాలు ఇంకో రెండు తగిలాయి.

"జెర లేటయింది గోదావరీ" అన్నాడు సార్, ఎంతో బాధగా. శుక్రవారం ఇంకా రాలేదన్న సంగతి ఆ బాధలో మరిచిపోయినట్టున్నాడు. "అయినా ఒకసారి గీత వడ్డ ప్రోగ్రామంటే, ఒకసారి పగిలిన కుండే. నువ్వు ఫికర్ చెయ్యకు. పండుగనాడు నీకు కూడ పని పెట్టిన. హారతి పళ్లెం పట్టుకోవాలె."

కిందికి దిగి చెప్పులేసుకుంటుంటే పెయింటరు బోర్డు ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఖాళీ చోటులో రామ్‌దాస్ అని రాయడం అయిపోయింది. చివరి అక్షరానికి నీడ దిద్దుతున్నాడు. గోదావరి చూసి, రెండో చెప్పు కూడా వేసుకుంది. ఎవరిని ఏమనాలి? పెయింటరు తప్పేముంది?

అయినా సేటు కంప్యూటర్ సర్దే చాకిరీ ఆమెదే. వైర్లు కలిపి, కొత్త ఎడిషను ఎక్కించి, రామ్‌దాసు ప్రోగ్రాం పెట్టింది. మూలన తన ప్రోగ్రాం కూడా పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ప్రారంభోత్సవం నాడు రాజేశ్వర్ సేటు దుకాణం పెళ్లి పందిరిలా ఉంది. కంప్యూటర్‌కు బొట్టు పెట్టారు, తెర మీద దండ వేశారు. దండలోంచి అక్షరాలు చూడాలంటే మెడ వంచాలి. కొబ్బరికాయ కొడితే నీళ్లు కీబోర్డు మీద పడతాయని గోదావరి పళ్లెం అడ్డం పెట్టింది. సార్ సఫారీ సూటులో, రామ్‌దాసు కొత్త చొక్కాలో గద్దె పక్కన నిలబడ్డారు. పని మొదలైంది.

మొదట వచ్చిన రైతులందరివీ కొమ్ములే. పేరు కొడితే పేరు, తూకం కొడితే తూకం తెర మీద పడుతున్నాయి. ధర్మం గుప్పెడు కూడా పడుతోంది. పక్క దుకాణం సేటు వచ్చి చూసి అసూయగా ముక్కుపొడుం పీల్చాడు. సార్ ఛాతీ కుర్చీ కంటే వెడల్పైంది. "చూసిన్రా, గిదే వారసత్వమంటే" అని ఎవరూ అడగకముందే చెప్తున్నాడు. గోదావరి హారతి పళ్లెం పట్టుకుని, ఏ సంచిలో పడుతోందో చూస్తూ నిలబడింది.

అప్పుడొచ్చాడు జక్రాన్‌పల్లి హన్మాండ్లు. మంచి మోతుబరి రైతు, గొంతు మైకు లేకుండా ఊరికి చాలుతుంది. తెచ్చింది గోళ. రామ్‌దాసు గోళ అని కొట్టాడు, తూకం కొట్టాడు, ధర్మం గుప్పెడు నొక్కాడు.

తెర మీద ఉన్నదంతా పోయింది. ఇంగ్లీషులో నాలుగు వరసల తిట్లు మాత్రం మిగిలాయి. కొమ్ముల అర్రేలో గోళ పెట్టబోయావు, నేను పెట్టుకోను అని వాటి అర్థం. రాసినప్పుడు తలూపిన కొత్తల్లుడు, ఇప్పుడు పదిమందిలో పీటల మీది నుంచి లేచిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు సేటు.

"వోల్టేజి" అన్నాడు సార్.

"వైరస్ మామా" అన్నాడు రామ్‌దాసు. "ఎవ్వరో చెప్పులతోని వచ్చిన్రు."

అందరూ హన్మాండ్లు కాళ్ల వైపు చూశారు. ఆయన కాళ్లకు చెప్పులే లేవు. ప్రోగ్రాం మళ్లీ తెరిచారు. కొమ్ములన్నీ ఎక్కాయి, గోళ దగ్గరికి రాగానే మళ్లీ అవే తిట్లు. స్టెబిలైజరు మార్చారు. దానికి బొట్టు పెట్టలేదని గుర్తొచ్చి బొట్టు పెట్టారు. అయినా అవే తిట్లు.

"ఏందయ్యా, నా గోళకేమైంది?" హన్మాండ్లు గొంతు లేచింది. "మంచిగ ఉడకవెట్టి ఎండవెట్టిన మాల్ ఇది. గీ డబ్బకు నచ్చదా?"

సార్ చెమట తుడుచుకుని, ఉన్న తెలివంతా కూడగట్టుకున్నాడు. "హన్మాండ్లన్నా, జెర సర్దుకో. నీ గోళను కొమ్ము అని రాసుకుందాం. రెండూ పసుపే గద. మిషిన్ తీసుకుంటది."

హన్మాండ్లు మొహం ఒక్కసారి వెలిగిపోయింది. గోళ కంటే కొమ్ముకు ధర ఎక్కువని గంజ్‌లో ఎవరికి తెలియదు? "రాయి సార్, రాయి! నాకేం ఫికర్ లేదు. సదువుకున్నోళ్లు సదువుకున్నోళ్లే!"

"అరే ఠైరో, ఆగు!" సేటు గద్దె మీంచి లేచాడు. "గోళకు కొమ్ము ధర ఇయ్యుమని గిరాకీకి నేనెట్ల చెప్పాలె? నా దుకాణం ముయ్యిస్తవా ఆత్మారాం?"

పక్క దుకాణం సేటు ఇంకోసారి ముక్కుపొడుం పీల్చాడు, ఈసారి హాయిగా. గోదావరి పళ్లెం కింద పెట్టింది. సార్ కళ్లు ఆమెను వద్దంటున్నాయి. మాట్లాడితే బోర్డు కాదు కదా, కీబోర్డుల మీద గుడ్డలు కప్పే పని కూడా పోతుంది. కాని ఊరుకుంటే ఇంకో రైతు వస్తాడు, మళ్లీ గుప్పెడు పడుతుంది.

"సేట్, వోల్టేజి కాదు. పొద్దుగాల సంది తీసిన ధర్మం ఏ సంచిల పడ్డదో ఒకసారి చూడుండ్రి."

గోదావరి పొద్దుటి కొమ్ముల లెక్క మళ్లీ తెర మీదికి తెచ్చింది. సేటు దండ పక్కకు జరిపి, మెడ వంచి చూశాడు. ధర్మం పేరు మీద ఏమీ లేదు. పొద్దున మొదటి బేరం చేసుకుని చాయ్ తాగి ఇంటికి పోయిన రైతు కొమ్ముల సంచి మాత్రం, కూర్చున్న చోటే పుట్టింటికి పోయొచ్చిన కోడలిలా బరువెక్కి ఉంది. అందరి గుప్పెళ్లూ దాంట్లోకే.

"రామ రామ!" సేటు చెంపలు వేసుకున్నాడు. "దేవుని ధర్మం తీస్కపోయి ఎవ్వని సంచిలనో పోసిన్రా? మా తాతల సంది గిసొంటి పాపం జరగలే!"

మనుషులకు ఎగ్గొడితే సేటు సర్దుకునేవాడేమో, దేవుడికి ఎగ్గొట్టిన ప్రోగ్రాంను ఆయన ఎట్లా ఉంచుకుంటాడు? రామ్‌దాసు మెల్లగా సార్ వెనక్కి జరిగాడు. సార్ మెల్లగా స్టెబిలైజరు వెనక్కి జరిగాడు.

"మొన్న వచ్చి ధర్మం సంచి అడిగిన పిల్లవు నువ్వే గద?" అన్నాడు సేటు. "నీ తాన ఉన్నదా మార్గం?"

"ఉన్నది సేట్. గీ మిషన్లనే పెట్టిన." గోదావరి కూర్చుని మూలనున్న తన ప్రోగ్రాం తెరిచింది. పొద్దుటి మాలంతా మళ్లీ కొట్టింది. కొమ్ములు కొమ్ముల్లో, ధర్మం ధర్మంలో. తరువాత హన్మాండ్లు గోళ, అది గోళల సంచిలో. దాని గుప్పెడు దేవుడి సంచిలో కొమ్ముల పక్కన బుద్ధిగా పడింది.

సేటుకు ఇంకా నమ్మకం కుదరలేదు. "మరి నువ్వు గూడ మర్చిపోయి గోళను కొమ్ముల వేస్తే?"

"వెయ్యనియ్యది సేట్. చూడుండ్రి." ప్రోగ్రాం లోపలి రాత తెరిచి, కొమ్ముల లిస్టులో గోళ వేయమని ఒక వరస రాసింది. రాయడం పూర్తవ్వకముందే కింద ఎర్రగీత పడింది. స్టెబిలైజరు వెనక సార్ కళ్లు మూసుకున్నాడు.

సేటు మాత్రం ఆ గీతను బంగారు గొలుసును చూసినట్టు చూశాడు. "అంటే రాస్తున్నప్పుడే తిడుతదా?"

"అవు సేట్. తిట్టుడు రాసెటోళ్లకే, ఇంట్లనే. మీ గద్దె దాక రాదు."

"గట్లుండాలె! మా అవ్వ గిట్లనే ఉంటుండె. గడప లోపట్నే నాలుగు తిట్టి, బజార్ల ఇజ్జత్ కాపాడుతుండె." సేటు కొబ్బరిచిప్ప తీసి గోదావరి చేతిలో పెట్టాడు. హన్మాండ్లు ఒక్కడే కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, కొమ్ము ధర అందినట్టే అంది జారిపోయిందని.

"ఆత్మారాం, మా అన్న కొడుకు నీ సాయంత్రం బ్యాచ్‌కు వస్తుండు" అన్నాడు సేటు. "గీ పిల్ల చెప్తేనే."

స్టెబిలైజరు వెనక నుంచి సార్ బయటికొచ్చాడు. సఫారీ సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నేను ట్రైనింగ్ ఇచ్చిన పిల్లనే గద సేట్. కావాలనే రెండు ప్రోగ్రాములు పెట్టించిన. ఒకటి ఫెయిలయితే ఇంకోటి ఉంటదని."

గోదావరి నవ్వు ఆపుకోవడానికి కొబ్బరి ముక్క నోట్లో వేసుకుంది.

మరుసటి వారం సాయంత్రం బ్యాచ్ మొదలైంది. సార్ తొలి మాట తనే మాట్లాడాడు. "కొమ్ము పసుపే. కాని కొమ్ముల సంచి, ఏదైన వేసుకునే పసుపు సంచి కాదు. గీ ముచ్చట నేను చాన ఏండ్ల సంది చెప్తనే ఉన్న" అన్నాడు. పాత పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, బుద్ధిగా రాసుకున్నారు. ముందు బెంచీలో రామ్‌దాసు కూడా రాసుకున్నాడు. సార్ పక్క గదిలోకి పోయాక, తల వంచుకుని అడిగాడు.

"మరి, ఊకె చూసుడుకైన అన్ని సంచులు ఒక్కతీరు చూడొద్దా? తూకం చెప్పెతందుకు సంచి సంచికి ఒక ముక్క రాయాల్నా?"

మంచి ప్రశ్నే అడిగాడు. గోదావరికి మొదటిసారి అతని మీద కోపం తగ్గింది.

"గంజ్‌ల ఇనుప గొట్టం చూసినవా? అది ఏ పసుపు సంచిలనన్న గుచ్చొచ్చు, తీసి చూడొచ్చు. దాంతోని లోపలికి ఏం నింపరు. గట్లనే, ఏ రకం పసుపు లిస్టయినా సరే, తీసి చూసుడే నా పని, వెయ్య అని ముందే రాసిస్తే మిషను ఊకుంటది. వేస్త అంటేనే ఎవ్వల సంచి అని అడుగుతది."

"గంజ్ చూడలేదు మేడం" అన్నాడు రామ్‌దాసు, చిన్నగా.

"రేపు పోయి చూసి రా."

క్లాసయ్యాక గోదావరి కిందికి దిగేసరికి మెట్ల దగ్గర వెంకటవ్వ నిలబడి ఉంది. బీడీలు కార్ఖానాలో ఇచ్చేసి, అటు నుంచి అటే వచ్చింది. చాట చంకలోనే ఉంది. బోర్డు వైపు పైనుంచి కిందికి చూస్తోంది.

"ఏదే నీ పేరు?"

గోదావరి వేలు పెట్టి చూపించింది. సార్ పేరు, దాని వెనక డబ్బాలు, వాటన్నిటి కింద మూలకు గోదావరి మేడం.

"గింత సన్నగున్నదేంది? పైన గంతగనం ఉన్నదేంది?"

"పైనది సార్ పేరవ్వా."

"గట్లనా. పని చెయ్యనోని పేరు పెద్దగుంటదన్నట్టు." అవ్వ దగ్గరికి జరిగి, బీడీల మొనలు మడిచి మడిచి గట్టిపడ్డ బొటనవేలి గోటితో ఆ అక్షరాల అంచును గట్టిగా గీకింది. తెల్లరంగు పొర కొంచెం లేచింది. కింద రామ్‌దాసు పేరులోని మొదటి అక్షరం నల్లగా తొంగిచూసింది. పెయింటరు పాత పేరు తుడవకుండానే పైన పూసేశాడు.

"ఏయ్, ఎవ్వరమ్మా అది! బోర్డు గీకుతున్నవేంది?" పైన కిటికీలోంచి సార్ అరిచాడు.

వెంకటవ్వ తల కూడా ఎత్తలేదు. "గట్టిగున్నదా లేదా సూస్తున్న సార్. బజార్ల ఊడిపోయినంక సూస్తే ఏం ఫాయిద?" అని, గోదావరి వైపు తిరిగింది. "గా పెయింటోన్ని పిలిచి, కిందిదంత గీకిచ్చి మళ్ల రాయించుకో. ఇప్పుడే రాయించుకో. పా, బియ్యం కడగాలె."